అమెరికా పత్తి

ఉచితంగా ఇచ్చేదేదైనా ఎరువులాంటిదని పాండురంగం నమ్మకం. చల్లినచోట పంట రావాలి. వరంగల్ మార్కెట్లో పత్తి కొనే ఆ వ్యాపారి, 1981లో పత్తి ఏరే రోజుల్లో రఘునాథపల్లి రైతులకు ఉచితంగా సినిమా వేయించాడు. పోయినేడు ఆ ఊరి పత్తంతా పోటీ వ్యాపారి సారంగపాణి కొట్టుకు పోయింది. ఈసారి కూడా పోతే మార్కెట్లో తలెత్తుకోలేడు.

హనుమకొండ కాలేజీలో పాఠాలు చెప్పే అల్లుడు శ్రీనివాస్ పాతకాలపు అమెరికా మూగ సినిమా ఒకటి తెచ్చిపెట్టాడు. పట్నంలో పనికి కుదిరిన పల్లెపిల్ల కథ. పల్లెపిల్ల గనుక పల్లెకు నచ్చుతుంది. మాటల్లేవు గనుక మైకు కిరాయి మిగులుతుంది. కళాపోషణంటే ఇంతకన్నా ఏముంటుంది!

బడి గోడకు కట్టిన తెర మీద, యజమానురాలు పిల్లను బయటికి గెంటింది. పిల్ల ఊరిదారి పట్టింది. ఆకాశం నుంచి తెల్లగా ఏదో రాలసాగింది.

"గదేంది సేటూ, పత్తా?" అంది ముందు కూర్చున్న యాకమ్మ.

మంచు అని చెప్పబోయిన అల్లుడి కాలు తొక్కాడు పాండురంగం. పత్తి సీజన్లో అల్లుడి మర్యాదలు చెల్లవు.

"పత్తే యాకమ్మా! అమెరికాల గట్లనే గాలికి పోతాంటది, ఏరెటోడు లేడు. మరి ఈడ రేటు పడిపోదా? నన్నేం చేయమంటవ్?"

రైతులు నోళ్లు తెరిచారు. పాండురంగం మనసులోనే క్వింటాలుకు పాతిక కోసేశాడు.

తెర మీద పిల్ల వణుకుతూ కూలబడింది. తెల్లటిది నడుం దాకా పేరుకుంది.

"గంత పత్తిల కూసున్నదానికి సలెందుకు పెడ్తాంది సేటూ?"

"అమెరికాది గదా, నాసిరకం."

"గట్లనా!" వెనక నుంచి మొగిలయ్య అందుకున్నాడు. "మాది అసలు రకం, రేటు పెంచు మరి. లేకుంటే నువ్వే ఆడికి పొయ్యి ఊకెనే ఏరుకో!"

జనం గొల్లున నవ్వారు. పాండురంగం ఒక్క ఉదుటున తెర ముందుకొచ్చి, "సరే, పాతిక ఎక్కువే ఇస్త!" అని అరిచాడు. అతని నీడ పిల్లను పూర్తిగా మింగేసింది.

"జరుగు సేటూ! ఆడ పిల్ల సావబట్టె, నడుమ నీ బేరమేంది?" కసిరింది యాకమ్మ.

అతను జరిగేసరికి పిల్ల తల్లి గడప ముందు పడి ఉంది. తల్లి తలుపు తీసింది గానీ, పిల్ల కళ్లు తెరవలేదు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకుంటూ లేచారు. పెంచిన రేటు వినడానికి ఒక్కరూ ఆగలేదు.

ఆ వారమే రఘునాథపల్లి లారీలు సారంగపాణి కొట్టు ముందు ఆగాయి. పిల్ల పాణం పోతాంటే అడ్డం నిలబడ్డోనికి పత్తి పోసేది లేదని యాకమ్మ ఊరంతా చెప్పిందట.

పాండురంగం అల్లుణ్ణి నిలదీశాడు. "అల్లుడుగారూ, ఆ పిల్ల బతికే సినిమా ఒక్కటి దొరకలేదా మీకు?"