డబ్బాలో నిద్రగన్నేరు

మా ఆయన వడ్రంగి. ఏళ్ళ తరబడి పీల్చిన రంపంపొట్టు ఊపిరితిత్తులను తినేశాక మంచం పట్టాడు. ఆ గదిలో మంచానికి చోటు పడమటి కిటికీ పక్కనే. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా ముఖాన కొట్టేది. పరదా కడితే ఊపిరాడడం లేదని తీసేయించాడు. చెట్టు నాటమన్నాడు.

త్వరగా, పెద్దగా పెరిగేవి జామాయిల్, నిద్రగన్నేరు అని నర్సరీ అతను చెప్పాడు.

"జామాయిలైతే రెండేళ్ళకే ఇంటిని దాటిపోతుందటండీ."

"దాటిపోతే నాకేం లాభం? పడుకున్నవాడికి ఒట్టి మొద్దు కనిపిస్తుంది. పైగా ఆ కర్ర ఎండితే మెలి తిరుగుతుంది, అచ్చం మీ అన్నయ్యలాగా."

"మా అన్నయ్య జోలికెళ్ళకపోతే మీకు పొద్దుపోదు."

"నిద్రగన్నేరు తెచ్చెయ్. గొడుగులా పరుచుకుంటుంది. రేపు నువ్వు కింద కూర్చోవచ్చు."

మొక్కను వెంటనే నేలలో పెట్టమని నర్సరీ అతను మరీ మరీ చెప్పాడు. డబ్బాలో ఉంచితే వేళ్ళు చుట్టుకుపోతాయట, తర్వాత గాలికి నిలబడదట. కానీ నేలలో పెడితే అది కిటికీని అందుకోవడానికి ఏడాదైనా పడుతుంది. ఆయనకు అంత గడువు లేదని డాక్టరు నాతో చెప్పే ఉన్నాడు. పాత నూనె డబ్బాలోనే పెట్టాను. ఆయన నిద్రపోయినప్పుడు నేనూ మా అమ్మాయీ దాన్ని ఎత్తి కింద ఇటుకలు పేర్చేవాళ్ళం.

కొమ్మ కిటికీలోకి తొంగిచూసిన రోజు ఆయన ముఖంలో కళ వచ్చింది. సాయంత్రం ఆకులు ముడుచుకుంటే, "నాకంటే ముందే పడుకుంటోందే ఇది," అని నవ్వబోయి దగ్గాడు.

ఒకరోజు కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"ఏమే, ఈ మొక్క పెరిగినప్పుడల్లా సరిగ్గా ఇటుక మందమే పెరుగుతోంది."

నేను ఆయన దుప్పటి సర్దాను.

"చూపుతోనే కొలత తీసినవాణ్ణి నేను. దాన్ని నేలలో పెట్టు. నేను అడిగింది నీ కోసం."

"అలాగేనండీ," అన్నాను. పెట్టలేదు. పెడితే కిటికీలో ఆయనకు మళ్ళీ ఎండే మిగులుతుంది. రోజూ అడిగేవాడు. రోజూ అలాగేననేదాన్ని.

ఆయన పోయాక డబ్బా కోశాం. వేళ్ళు తాడు చుట్టలా బిగుసుకుపోయి ఉన్నాయి. నర్సరీ అతను చూసి, ఇది ఇక నిలబడదని పెదవి విరిచాడు.

"జామాయిలే పెట్టేద్దామా అమ్మా?" అంది అమ్మాయి.

"పెట్టు."

గడ్డపార తెచ్చి, గుంత ఎంత లోతు తియ్యాలని అడిగింది. నాకు తెలియదు. అలాంటివన్నీ ఆయనే చూసుకునేవాడు.