పురిటి గదికి లైన్ క్లియర్

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషెవరో గానీ, పాత ఇంటిని బాగుచేసి చూడమని మాత్రం అనలేదు. ఆ పనిలో ఒకసారి దిగి ఉంటే సామెత పూర్తిచేసే ఓపిక ఆయనకి మిగిలేది కాదు. గూడ్సు గార్డు సింహాచలం కూతురి పెళ్లి చేసిన మరుసటేడు ఆ పనిలోకి దిగాడు. దిగక చస్తాడా, వియ్యపురాలు అంత మాట అంటే.

బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లో ఉన్న ఆ పెంకుటిల్లు సింహాచలం తండ్రి కట్టింది. బొబ్బిలి అవతల నుంచి రైలు పట్టాలు వేసే పనికి వచ్చిన ఆ మహానుభావుడు ఇంటిని కూడా పట్టాలు వేసినట్టే వేశాడు. పొడుగ్గా, ఒకదాని వెనక ఒకటి నాలుగు గదులు. వానొస్తే నాలుగు గదుల్లోనూ ఏ పక్షపాతమూ లేకుండా కురుస్తుంది. పెళ్లయిన ఏడాది వానాకాలంలో వియ్యపురాలు అప్పయమ్మ చక్రధర్‌పూర్ నుంచి వచ్చి ఆ ఇంట్లో భోజనానికి కూర్చుంది. పాపం, ఆవిడ ఎంత జుర్రినా కంచంలో చారు తరగలేదు. పైనుంచి పడుతూనే ఉంది. ఆవిడ పల్లెత్తు మాట అనకుండా చెయ్యి కడుక్కుంది గానీ మనసులో పెట్టుకుంది.

ఇప్పుడు కూతురు చిన్నమ్మి కడుపుతో ఉంది. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి కదా. శ్రావణంలో తీసుకెళ్తామని అడగడానికి సింహాచలం పళ్లూ పూలూ పట్టుకుని చక్రధర్‌పూర్ వెళితే, అప్పయమ్మ మర్యాదగానే చెప్పింది.

“పిల్లని పంపడానికి నాకేటి అన్నయ్యా. బాలింత పక్క మీద వాన పడితే ఎవులు సూస్తారు? ఇల్లు బాగైతే పంపుతాను. నేదంటే పురుడు ఇక్కడే.”

ఈ మాట ఇంట్లో చెప్పగానే సింహాచలం భార్య అసిరమ్మ పొయ్యి ముందే కూలబడిపోయింది. ముగ్గురు పోయాక దక్కిన పిల్ల చిన్నమ్మి. “అదక్కడ నొప్పులు పడతా ఉంటే నానిక్కడ కూకోని ఏటి సేయాల బావా?” అంది. ఆవిడ సింహాచలానికి మేనమామ కూతురు, పెళ్లయి ఇన్నేళ్లయినా బావా అనే పిలుస్తుంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడగానే సింహాచలానికి పౌరుషం పొడుచుకొచ్చింది.

“శ్రావణానికి ఇల్లంతా అద్దంలా సేయించకపోతే నా పేరు సింహాచలం కాదు,” అన్నాడు.

పేరు మార్చుకునే అవసరం రాకుండా, మర్నాడే సుద్దముక్క తెచ్చి నడిమి గది గోడ మీద టైంటేబుల్ గీశాడు. పెంకులు దిగడం, గోడలు, దూలాలు ఎక్కడం, గచ్చు, సున్నం, అన్నిటికీ రాకపోకలు వేశాడు. పెంకులు దిగిన పూటే గోడలు లేవాలి. గోడలు లేచిన పూటే వాసాలు ఎక్కాలి. పని త్వరగా తెమలడానికి నాలుగు గదులూ ఒకేసారి మొదలుపెట్టాలి. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, వీధి వరండాకి రెండు కమానులు. ఆ కమానులు ఇల్లు కారకుండా ఆపేవి కావు, వియ్యాలవారు చూసి నోరెళ్లబెట్టడానికి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ఇక్కడ చూలు ఉంది గానీ మిగతాదంతా అలాగే ఉంది.

అసిరమ్మ చేట పట్టుకుని ఆ గోడనంతా చూసింది. ఆవిడకి చదువు రాదు, గీతల మధ్య సందు లేదని మాత్రం తెలిసింది.

“సున్నం నానద్దా?”

“నానతానే ఉంటాది. దానికో టైమెందుకు?”

“మేస్త్రికి జొరమొస్తే?”

“రాదు.”

“దూలం కుళ్లిపోయి ఉంటే?”

“మా అయ్య ఏసిన దూలమే అది. నోటంట మంచిమాట రాదేటి నీకు?” అని సింహాచలం విసుక్కుంటే, ఆవిడ చేటతో బియ్యం చెరుక్కుంటూ పోయింది.

జ్యేష్ఠమాసపు ఎండలో పని మొదలైంది. మేస్త్రి బుధ్‌రామ్‌ది తఖత్‌పూర్ దారిలో ఓ పల్లె. నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. సింహాచలం అతన్ని గోడ ముందు నిలబెట్టి టైంటేబుల్ అంతా చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి, అచ్ఛా అనిపించుకుని, జెండాలూ లాంతరూ పట్టుకుని పెండ్రా వైపు డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ గూడ్సు దారిలో ప్రతి స్టేషన్‌లోనూ ఆగింది. ప్యాసింజరు పోవాలని ఓసారి, మెయిలు పోవాలని ఓసారి, ఇంజను నీళ్లు తాగాలని ఓసారి, ఏ కారణమూ లేకుండా ఇంకోసారి. అలా ఆగిన ప్రతిచోటా బండి చివరనుండే బ్రేకు వ్యాను మెట్టు మీద కూర్చుని, ఈపాటికి వాసాలు ఎక్కి ఉంటాయి అనుకుని మురిసిపోయాడు.

తిరిగొచ్చి వీధి మొదట్లో నిలబడితే ఇల్లు కనిపించలేదు. కనిపించకేం, గోడలున్నాయి, పైన ఆకాశం ఉంది. నాలుగు గదుల పెంకులూ వీధిలోకి దిగిపోయాయి. అసిరమ్మ నెత్తిన కొంగేసుకుని ఎండలో వంట చేస్తోంది. నడిమి గోడ కూడా పోయింది. దాంతోపాటు దాని మీది టైంటేబులూ పోయింది. టైంటేబుల్లో మొదట పడాల్సిన గోడ అదేనట, బుధ్‌రామ్ చెప్పిన మాట చెప్పినట్టే చేశాడు.

“అన్నీ ఒక్కసారే అన్నారు కదా, గార్డు సాహెబ్,” అన్నాడు హిందీలో, ఎంతో వినయంగా. తర్వాత కిందికి దించి పెట్టిన నడిమి గది దూలం దగ్గరికి తీసుకెళ్లి వేలితో పొడిచాడు. తండ్రి వేసిన దూలం పిండిపిండిగా రాలింది. లోపలంతా చెదలు.

“కొత్త దూలం కోయించాలి,” అన్నాడు బుధ్‌రామ్. “ఇంకో మాట. మొదటి వాన పడిందంటే మేమెవ్వరం ఇక్కడుండం. నాగలి కట్టుకోవాలి. మళ్లీ హరేలీ పండగ చేసుకున్నాకే వస్తాం.”

హరేలీ అంటే ఆ దేశపు రైతులు నాగళ్లూ గొడ్డళ్లూ కడిగి పూజ చేసుకునే అమావాస్య. దాని మర్నాడే మనవాళ్ల శ్రావణం మొదలు. సింహాచలం పైకి తేలిగ్గా, “అయితే ఏటి, మిగిలింది శ్రావణంలో సేసుకుంటాం,” అన్నాడు.

పొయ్యి దగ్గర్నుంచి అసిరమ్మ లేచి వచ్చింది.

“పిల్ల వచ్చినాక సేస్తావా? కడుపుతోటున్న మనిషి ఉన్న ఇంట్లో మేకు కొడతారేటి? గుంజ పాతుతారేటి? నీకు మతి ఉండే మాటాడతన్నావా?”

నిజమే. ఆ కట్టుబాటు సింహాచలానికీ తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. టైంటేబుల్ గీసే ఉత్సాహంలో అదొక్కటే కాదు, వానా, వరీ, జ్వరమూ, చెదలూ, తన డ్యూటీ, లోకంలో ఉన్నవన్నీ మరిచిపోయాడు. ఇక చిన్నమ్మి రాదు. ఆ మాట తట్టగానే ఆ చెదలు పట్టిన దూలం మీదే కూర్చున్నాడు. భార్య మొహం చూడటానికి సిగ్గేసింది, భయమూ వేసింది.

అసిరమ్మ తిడుతుందనుకున్నాడు. ఆవిడ పక్కన కూర్చుంది.

“బావా, ఇన్నేళ్లుగా నువ్వు ఎల్లేది ఏ బండి మీద?”

“గూడ్సు.”

“అది ఒక్కనాడైనా టయానికి ఎల్లినాదా?”

సింహాచలం నిజాయితీగా ఆలోచించాడు. ఒక్క రోజు కూడా గుర్తుకు రాలేదు.

“మరి ఇంటికి మెయిలు బండి టయం రాసినావేటి?”

అంత దిగుల్లోనూ సింహాచలానికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మెయిళ్లకి దారిస్తూ ముప్పావు జీవితం పక్క పట్టాల లూపు లైన్లలో ఆగిన మనిషి, ఆగడమన్నది లేని పట్టిక గీశాడు.

ఆ పూట బుధ్‌రామ్‌నీ పిలిచి ముగ్గురూ కూర్చుని మళ్లీ లెక్క చూసుకున్నారు. ఈసారి సుద్దముక్క లేదు, గీయడానికి గోడా లేదు. వాన ఎప్పుడు పడొచ్చునని సింహాచలం అడిగితే బుధ్‌రామ్ ఆకాశం వైపు చూసి, చెప్పలేనన్నాడు. దూలం ఎప్పుడొస్తుందంటే అదీ చెప్పలేనన్నాడు. సున్నం నానడానికీ, గచ్చు ఆరడానికీ కావలసిన రోజులు మాత్రం ఎవరూ తగ్గించలేనివని ఖాయంగా చెప్పాడు. అవన్నీ కలిపి, మధ్యలో ఏదో ఒకటి చెడుతుందని ముందే ఒప్పుకుని కొన్ని రోజులు ఊరికే వదిలేస్తే, వాన లోపు ఒక్క గది అవుతుందని తేలింది. అన్నిటికన్నా వెనకనున్న నాలుగో గది. అంతే.

మంచి పెంకులన్నీ ఆ గదికే. చెదలు పట్టని వాసాలన్నీ ఆ గదికే. మిగతా మూడు గదులూ ఎలా ఉన్నాయో అలా ఆగాలి.

“కమానులు?” అన్నాడు సింహాచలం, ఆఖరి ఆశగా.

“కమాను కింద పురుడు పోస్తామేటి?” అంది అసిరమ్మ.

కమానులు పోయాయి. బుధ్‌రామ్‌కి జ్వరమూ వచ్చింది. దూలం అనుకున్నదానికన్నా ఆలస్యంగా వచ్చింది. అయినా ఊరికే వదిలిన రోజులు ఉన్నాయి గనక పని చెడలేదు. డ్యూటీ దిగిన ప్రతిసారీ సింహాచలం ఆ ఒక్క గదిలోనే నిలబడి, తడి గోడ మీద చెయ్యి వేసి చూసుకునేవాడు. మిగతా ఇంటి వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. గచ్చు ఆరాక మొదటి వాన పడింది. సాయంత్రానికల్లా బుధ్‌రామ్ మనుషుల్ని తీసుకుని నాగలి పట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

శ్రావణం వచ్చింది. చిన్నమ్మిని వెంటబెట్టుకుని అప్పయమ్మ స్వయంగా దిగింది. గుమ్మం ముందు జట్కా ఆగీ ఆగకముందే ఆవిడ చెప్పేసింది, “సూసి సెప్తాను అన్నయ్యా. బాగా నేకపోతే సాయంత్రం బండికే పిల్లని తీసుకెల్లిపోతాను.”

వానా ఆవిడతోనే దిగింది. గొడుగు పట్టుకుని మొదటి గదిలో అడుగుపెట్టింది, పైన టార్పాలిను ఉబ్బి వేలాడుతోంది. రెండో గదిలో మోకాటెత్తు మట్టికుప్ప. మూడో గదిలో నీళ్లు, నీళ్లలో ఒక కప్ప. ఆ కప్ప ఆవిడని చూసి పక్కకి తొలగింది. వెనకాల సింహాచలం, ఆయన వెనకాల కూతురి చెయ్యి పట్టుకుని అసిరమ్మ. చక్కటి సంజాయిషీ ఒకటి నాలుగు రోజులుగా తయారు చేసుకున్నాడు సింహాచలం. దూలం సంగతి, చెదల సంగతి, హరేలీ సంగతి, అన్నీ వరసగా పేర్చుకున్నాడు.

అప్పయమ్మ నాలుగో గదిలోకి వెళ్లింది. తెల్లటి గోడలు, ఎండిన గచ్చు, గాలి తగలని మూల ఒక మంచం. ఆవిడ గొడుగు ముడిచి బయట పెట్టింది. గోడ తడిమింది. పరుపు కింద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత నేల మీద చతికిలబడి తలెత్తి పెంకుల వైపు చూస్తూ కూర్చుంది. బయట వాన పట్టు విడవకుండా కురుస్తోంది. ఎంతసేపు చూసినా ఒక్క చుక్క రాలలేదు.

“మిగతా ఇల్లు?” అంది చివరికి.

సింహాచలం పేర్చుకున్న సంజాయిషీ అంతా పక్కన పెట్టేశాడు.

“అవనేదు సెల్లెమ్మా. అంతా సేసేస్తానని గొప్పలకి పోయినాను. నా వల్ల కానేదు. ఈ ఏడు ఈ గది ఒక్కటే. మిగిలింది పురుడై, పిల్ల నీ ఇంటికి వచ్చేసినాకే.”

అప్పయమ్మ కొంగు తీసి మొహం తుడుచుకుంది. తుడుచుకున్నది వాననీళ్లు కావని సింహాచలానికి కాసేపటికి గానీ తెలియలేదు.

“నా తొలి పురుడప్పుడు మా అయ్య కూడా ఇల్లు బాగు సేయించి తీసుకెల్తానన్నాడు,” అంది. “ఇల్లంతా అయినాకే రా అమ్మా, నీ అత్తోరి ముందు నాకు తలొంపులు అన్నాడు. ఇల్లంతా ఎప్పుడవుతాది అన్నయ్యా? అవనేదు. మా యమ్మ నేకండానే నా పెద్దోడు పుట్టినాడు. నొప్పులు పడతా ఎంత పిలిసినానో. మా అయ్యని నాను ఇల్లంతా అడగనేదు. ఒక్క గది సాలును నాకు.”

అసిరమ్మ వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. “వదినా,” అని మాత్రం అని చెయ్యి పట్టుకుంది.

అప్పయమ్మ ముక్కు చీదుకుని లేచి గుమ్మంలో నిలబడ్డ కోడల్ని చూసింది. “ఏటే అలా సూస్తావు? కాళ్లు కడుక్కోని మంచమెక్కు,” అంది. చిన్నమ్మి మంచమెక్కింది. ఎక్కీ ఎక్కగానే తల్లిని లాగి పక్కన కూర్చోబెట్టుకుని ఒళ్లో తల పెట్టుకుంది. అసిరమ్మ చెయ్యి కూతురి కడుపు మీద ఆగిపోయింది.

అప్పయమ్మ ఆ ఇద్దరినీ కాసేపు చూసింది. అన్నం తిని వెళ్లమని సింహాచలం ఎంత బతిమాలినా వినలేదు. గొడుగు విప్పుకుని, కప్ప ఉన్న గది మీదుగా, సాయంత్రం బండికి ఒక్కతే బయల్దేరింది.