ముక్త్యాల రేవులో పడవ అతుకు

పొలమూ ఇల్లూ పంచుకున్న అన్నదమ్ములు పడవను మాత్రం పంచుకోలేకపోయారు. కృష్ణా నది నడుమ లంకలో ఇద్దరికీ మిరపతోటలున్నాయి మరి. తోటల మధ్య గట్టు అన్న జరిపాడని తగువొచ్చి తిరుపతిరావు, తమ్ముడు సాంబయ్య మాటలు మానుకున్నారు. పడవను వంతుల మీద నడుపుకునేవారు.

ఎనభై ఒకటి మాఘంలో పడవ ముక్కున తాడు కట్టే ఇనప కడియం వదులైంది. బోల్టు చుట్టూ చెక్క మెత్తబడింది. అన్న చేయిస్తాడని తమ్ముడూ, తమ్ముడు చేయిస్తాడని అన్నా ఊరుకున్నారు. చివరికి సాంబయ్యే జగ్గయ్యపేటలో కనకయ్య ఇనప సామాన్ల కొట్టుకు వెళ్లి, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు తెచ్చాడు.

"చెక్క బాగా ఎండాలండి. తడి మీద పట్టదు," అని కనకయ్య చెప్పనే చెప్పాడు.

ఎండబెడితే వంతు పోతుంది. సాంబయ్య గుడ్డతో తుడిచి, జిగురు కూరి, బోల్టు దిగ్గొట్టాడు.

మర్నాడు తిరుపతిరావు రేవులో పడవ కట్టేసి బండి కోసం వెళ్లాడు. అతని భార్య కమలాకుమారి మిరప బస్తాల మీద కూర్చుని ఉండగానే కడియం ఊడొచ్చింది. పడవ దిగువకు సాగింది. వంతు కోసం ఒడ్డున కాచుకున్న సాంబయ్య నీళ్లలోకి దూకాడు. ఇసుక మేటకు తగిలి ఆగిన పడవను రొప్పుతూ పట్టుకున్నాడు.

"మీ పంతాలకి నన్ను హంసలదీవి సముద్రం దాకా పంపుతారా ఏం?" అంది వదిన.

"తప్పు నాదే వదినా. తడి మీదే పూసేసా."

పడవను ఒడ్డుకు లాగి రోజుల తరబడి ఎండబెట్టారు. సాంబయ్య పుచ్చిన చెక్కంతా ఉలితో తొలిచి, మళ్లీ తెచ్చిన రెండు ట్యూబులూ సమంగా పిండి, రంపపు పొట్టుతో ముద్దగా కలిపాడు. బెజ్జం అవతలికంటా ఉంది. ముద్ద జారిపోకుండా బయట ఎవరైనా రేకుముక్క అదిమిపట్టాలి. తిరుపతిరావు పిలవకుండానే వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఎంతసేపురా?"

"బిగిసేదాకా అన్నయ్యా. కదపమాకు."

పడవ పలకకు లోపలొకరు, బయటొకరు. ముఖాలు కనబడకపోవడం ఇద్దరికీ హాయిగానే ఉంది. కాయకొచ్చిన తెగులు గురించి మాట్లాడుకున్నారు. ఉన్నట్టుండి తిరుపతిరావు అన్నాడు: "గట్టు నేను జరపలేదురా."

సాంబయ్య నమ్మలేదు. కాదని అనాలనీ అనిపించలేదు.

"చెయ్యి నెప్పెడుతోందా?" అనడిగాడు.

"పెడుతోంది. పట్టుకుంటాలే."

మర్నాటికి ముద్ద రాయైంది. అందులో కొత్త బెజ్జం తొలిచి బోల్టు బిగించారు. ఇద్దరూ చెరో చెయ్యి వేసి తాడు గుంజినా కడియం కదల్లేదు. ఆ తర్వాత నీటిమట్టం గురించీ, బస్తాల గురించీ మాట్లాడుకునేవారు. గట్టు తగువు తేలలేదు. దాన్ని మళ్లీ ఎవరూ ఎత్తనూ లేదు.