మైనస్ పద్దెనిమిదిలో తమ్ముడి తారు

పదకొండూ అయిదుకి పరీక్ష మొదలుపెట్టాలి. అక్క మొదలుపెట్టలేదు.

తారు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో, మైనస్ పద్దెనిమిది డిగ్రీల ద్రవం తొట్టిలో రెండు తారు కడ్డీలు మునిగి ఉన్నాయి. అయిదంగుళాల పొడవు, వేలంత వెడల్పు. సరిగ్గా గంటసేపు చల్లబరచాలి. తర్వాత కడ్డీ నడుమ వంద గ్రాముల బరువు మోపి, ఎంత వంగిందో చూడాలి. వంగితే ఆ తారు వేసిన రోడ్డు చలికాలానికి తట్టుకుంటుంది. యంత్రం చూపే బిరుసు అంకె మూడు వందలు దాటిందంటే పగుళ్ళే.

ఆ తారు తమ్ముడిది. ఆరేళ్ళు యార్డులో ట్యాంకర్లకు గొట్టాలు బిగించినవాడు మొదటిసారి సొంతంగా కలిపిన పాకం. పాసైతే మిక్సింగ్ గదిలో ఉంటాడు. ఫెయిలైతే మళ్ళీ గొట్టాలే.

తమ్ముడు గాజు తలుపు అవతల ముక్కు అద్దానికి ఆనించి నిలబడ్డాడు.

"అక్కా, టైమైపోలా?"

"నీ పని నువ్వు చూసుకో."

"నా పనే కదా ఆ తొట్టిలో ఉంది!"

"ఇంకొక్క మాట మాట్లాడావంటే నిన్ను కూడా అందులోనే ముంచుతా."

"ముంచు. నేను మాత్రం వంగుతా, విరగను."

ఆమెకు నవ్వొచ్చింది. కనబడకుండా అటు తిరిగింది.

రెండో టెస్టర్ సెలవులో ఉంది. ఈ పరీక్ష తనే చెయ్యాలి. పాసైతే నలుగురూ ఏమంటారో ఆమెకు తెలుసు. అక్క కదా, వెనకేసుకొచ్చింది అంటారు. అందుకే ఇంకో అరగంట ఉంచింది. అంత చలికి కూడా నిలబడితే ఇక ఎవడూ నోరెత్తడు.

పదకొండూ ముప్పయ్యయిదు. మొదటి కడ్డీ యంత్రం మీదికి ఎక్కించింది. తెర మీద అంకె వచ్చింది. మూడు వందల పన్నెండు.

రెండోది ఎక్కించింది. మూడు వందల పధ్నాలుగు.

అక్క స్టూలు మీద కూలబడింది. తారు చలిలో ఊరికే పడి ఉండదు. ఎంతసేపు ఉంచితే అంత బిరుసెక్కుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి నేర్పేది తనే. అయినా తమ్ముడి తారు ఓర్చుకుంటుందిలే అనుకుంది.

ఫలితాల కాగితంలో 'చల్లబరచిన సమయం' అనే గడి ఖాళీగా ఉంది. అరవై అని రాస్తే తమ్ముడు యార్డుకు పోతాడు. యంత్రం మొరాయించిందని రాస్తే ఇంకోసారి చెయ్యనిస్తారు, ఎవరూ ఏమీ అడగరు. పెన్ను ఒక్క క్షణం ఆగింది. తొంభై అని రాసింది. కాగితం తీసుకుని ల్యాబ్ పెద్ద దగ్గరికి నడిచింది.

ఆయన్ని అందరూ సెకన్ల సార్ అంటారు. టీ చల్లారడానికి కూడా టైము చూసుకునే మనిషి. కాగితం చూశాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"తొంభయ్యా? మర్చిపోయావా?"

"లేద్సార్. కావాలనే ఉంచాను." కారణం చెప్పింది.

ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు.

"తమ్ముడని వదిలేస్తే తప్పని తెలుసు కదమ్మా నీకు. తమ్ముడని బిగించినా తప్పే. ఈ పరీక్ష చెల్లదు. డబ్బాలో తారు మిగిలిందా?"

"రెండు కడ్డీలకు సరిపోతుంది."

"మళ్ళీ కడ్డీలు పోసి చూడు. నువ్వే చెయ్యాలి. నేను పక్కన నిలబడతా."

ఆమె తారు వేడిచేసింది. అచ్చుల్లో పోసింది, ఆరాక పైన ఉబ్బిన తారును వేడి కత్తితో కోసింది. కడ్డీలను తొట్టిలో దించింది. ఈసారి గోడ గడియారం కేసి చూడలేదు. సెకన్ల సార్ చేతి వాచీ కేసి చూసింది.

గంట గడిచింది. సరిగ్గా గంట.

బరువు దిగింది. కడ్డీ మెల్లగా, మొండిగా వంగింది. రెండు వందల ఎనభై ఆరు. రెండోది రెండు వందల ఎనభై తొమ్మిది.

"పాస్," అన్నాడు సెకన్ల సార్. సంతకం చేసి, చల్లారిపోయిన తన టీ కోసం వెళ్ళిపోయాడు.

తమ్ముడు తలుపు నెట్టుకుని వచ్చి అక్కను అమాంతం ఎత్తేశాడు.

"దించరా, గాడిదా! ముందు నా మాట విను." రెండు కాగితాలూ వాడి ముందు పెట్టింది. "పొద్దున నీ తారు ఫెయిలైంది. నా వల్ల."

వాడు మొదటి కాగితం చదివాడు. తిడతాడనుకుంది. వాడు తల గోక్కున్నాడు.

"అక్కా, రోడ్డు మీద చలి గంట కాగానే లేచి ఇంటికెళ్ళిపోతుందా?"

"వెళ్ళదు. కానీ అన్ని తార్లకీ ఒకటే కొలత ఉండాలి. అందుకని గంట."

"అంటే నాది పాసే."

"పాసే."

"కానీ మూడొందల పన్నెండు కూడా నిజమే."

ఆమె అవునని తలూపింది.

వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మెత్తబరిచే నూనె ఇంకొంచెం వెయ్యొచ్చు. ఎండకి మరీ జారిపోకుండా చూసుకోవాలి. రేపు ఇంకో డబ్బా పంపిస్తా. గంట కొలత రిజిస్టర్లో రాయి. తర్వాత ఇంకో రెండు కడ్డీలు తొంభై నిమిషాలు ఉంచు. అది నాకోసం."

"నేను నీ పనిమనిషినా?"

"కాదు, అక్కవి. ఇంకా అధ్వాన్నం."

అక్క వాడి నెత్తిన మొట్టింది. కొత్త డబ్బాకు అతికించే చీటీ తీసి, నూనె ఎంత కలుపుతాడో చెప్పమంది.