అన్నయ్యకి సినిమా నచ్చింది

రెండున్నర గంటల సినిమాలో సాయిలక్ష్మి తెరవైపు చూసింది పట్టుమని పది నిమిషాలు ఉంటుందేమో. మిగతా సేపంతా ఆవిడ చూసింది పక్క సీట్లో ఉన్న అన్నయ్య మొహాన్ని. ఆయన నవ్వితే ఆవిడకి ప్రాణం లేచొచ్చేది. ఆయన కళ్ళజోడు తీస్తే, విసుగొచ్చి తీశాడా, కళ్ళు చెమర్చి తీశాడా అని ఇక్కడ ఈవిడకి ఊపిరాడేది కాదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, చల్లపల్లి పోస్టాఫీసులో ఎంత పెద్దమనిషినైనా వరసలో నిలబెట్టే మనిషి, గుడివాడలో మ్యాట్నీకొచ్చి పరీక్ష ఫలితాలకి ఎదురుచూసే పిల్లలా కూర్చుంది.

సంగతేమిటంటే, ఆవిడకి మళ్ళీ పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఆ మాట అన్నయ్యకి చెప్పడానికి ఎనిమిది నెలలుగా నోరు రావడం లేదు.

భర్త పోయి ఎనిమిదేళ్ళు. అప్పుడే కూతురు బిందుని తీసుకుని బందర్లో అన్నయ్య ఇంటి పైవాటాలోకి వచ్చేసింది. రోజూ ఏడూ నలభై బస్సెక్కి చల్లపల్లి వెళ్తుంది. అదే బస్సులో ఇంకాస్త ముందుకి, మోపిదేవి దాకా వెళ్ళే మనిషి రాజబాబు. అక్కడి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. భార్య పోయింది, పిల్లల్లేరు, ఆదివారమైతే చర్చికి వెళ్తాడు. మొదటి మూడేళ్ళూ వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణ మొత్తం "కిటికీ వెయ్యమంటారాండీ", "వద్దండీ, గాలి రానివ్వండి" అన్నంతవరకే. మరో రెండేళ్ళకి టిఫిను డబ్బాలు చేతులు మారాయి. ఆ తరవాత ఒకరోజు రాజబాబు అడగవలసింది అడిగేశాడు. మీ ఇంట్లో చెప్పకుండా మాత్రం వద్దండీ అని కూడా అన్నాడు.

ఇంట్లో చెప్పడం అంత తేలికైతే ఈ కథే లేదు. అన్నయ్య పట్టాభిరామయ్య లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. పొద్దున చెబుదామంటే ఆయన పూజలో ఉంటాడు, పూజయ్యాక పేపర్లో ఉంటాడు, పేపరయ్యాక నిద్రలో ఉంటాడు. ఇంతలో అవనిగడ్డలో ఉన్న రాజబాబు అక్క లీలావతి తమ్ముడికి నాగాయలంకలో ఒక సంబంధం చూసింది. సోమవారం వెళ్ళి ఖాయం చేసుకోవాలని పట్టుబట్టింది. "ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తానండీ. చెప్పారో లేదో చెప్పండి చాలు. చెప్పకపోతే ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను" అన్నాడు రాజబాబు.

సరిగ్గా అప్పుడు చెవిన పడింది 'ఐసుపెట్టె అప్పారావు' సినిమా సంగతి. పోస్టాఫీసులో పక్క కౌంటరు భార్గవి చూసొచ్చి, పొట్ట పట్టుకుని నవ్వుతూ కథంతా చెప్పింది. చావు జరిగిన ఇళ్ళకి శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టెలు అద్దెకిచ్చే అప్పారావు ఒక ఇంటికి పెట్టె తీసుకెళ్తాడు. కరెంటు పోతుంది. జనరేటరు బాగుచేస్తూ చేస్తూ, భర్త పోయిన ఆ ఇంటావిడ మీద మనసు పడతాడు. ఆవిడకీ ఇష్టమే. ఇక ఇద్దరూ కలుసుకోవాలంటే ఊళ్ళో ఎవరో ఒకరు పోవాలి. నెలరోజులు ఎవరూ పోకపోతే ఇద్దరూ దిగులుపడతారు. చివరికి ఆవిడ అన్నదమ్ములకి దొరక్కుండా అప్పారావు తన పెట్టెలో తనే పడుకుంటాడు. ఎలాగో పెళ్ళవుతుంది.

సాయిలక్ష్మికి దారి దొరికినట్టయింది. చిన్నప్పుడు బిందుకి మందు వెయ్యాలంటే ముందు నవ్వించేది. నోరు తెరవగానే చెంచా పెట్టేసేది. అన్నయ్యకీ అంతే అనుకుంది. బందరు థియేటర్లలోంచి సినిమా వెళ్ళిపోయింది గనక గుడివాడలో మ్యాట్నీకి టికెట్లు తీసింది. విజయవాడ బ్యాంకులో పనిచేసే బిందు ఆదివారానికి తన కారులో వచ్చింది. దారిలో పాటలు కావాలని వదిన అరుణకుమారి అడిగితే తల్లి ఫోను కారు స్పీకర్లకి కలిపింది. అందరూ బయల్దేరారు.

హాల్లో మొదటి సీనుకే నవ్వులు మొదలయ్యాయి. ఫ్రీజరు పెట్టె గుమ్మంలో పట్టదు. అప్పారావు దాన్ని నిలువుగా తిప్పుతాడు, అడ్డంగా తిప్పుతాడు, ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపి సలహాలిస్తుంటారు. "తలుపు పీకెయ్యండ్రా" అని వెనక వరస కుర్రాళ్ళు అరిచారు. "చావింట్లో ఇవేం వేషాలమ్మా" అంటూ ముందు వరసలో ఒకావిడ పమిట అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఒక పెద్దాయన లేచి విసవిసా వెళ్ళిపోయాడు. పట్టాభిరామయ్య భుజాలు కదిలేలా నవ్వాడు. సాయిలక్ష్మి తనూ నవ్వుతూ మనసులో వెయ్యి దండాలు పెట్టుకుంది. అవతల బిందు మాత్రం ఫోనులో తల దూర్చి కూర్చుంది. "చూడవే" అని మోచేత్తో పొడిస్తే "చూస్తున్నాలే" అంది గాని తలెత్తలేదు. ఈకాలం పిల్లలింతే అని విసుక్కుని సాయిలక్ష్మి మళ్ళీ అన్నయ్య వైపు తిరిగింది.

ఇంటర్వెల్‌కి ముందు, సినిమాలో ఆవిడ ఒంటరిగా కూర్చుని ఒక్క కంచంలో వడ్డించుకుంటుంటే పట్టాభిరామయ్య నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకేం కావాలి? క్లైమాక్సులో చప్పట్లు కూడా కొట్టాడు.

కారు గుడివాడ దాటింది. ముందు సీట్లో అన్నయ్య, వెనక ఆడవాళ్ళిద్దరూ. ఎవరో ఒకరు పెళ్ళి ఊసెత్తితే తను అందుకుందామని సాయిలక్ష్మి కాచుకు కూర్చుంది.

"కథకి పాతికకి పద్దెనిమిది వేశాను" అన్నాడు పట్టాభిరామయ్య. రిటైరయినా దేనికైనా మార్కులు వెయ్యందే ఆయనకి తోచదు. "నటనకి ఇరవై. సంగీతానికి ఎనిమిది, అదీ జాలిపడి. ఆ ఫ్రీజరుకి ఎర్తు లేకుండా కనెక్షనిచ్చాడు చూడు, అక్కడ నాలుగు కోసేశాను."

"పదకొండో రోజున ఆ నెమలికంఠం రంగు చీరేమిటండీ ఆవిడకి? బ్లౌజు కూడా కలవలేదు" అంది వదిన.

"సెకండాఫ్ లాగ్" అంది బిందు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

సాయిలక్ష్మికి ఒళ్ళు మండింది. సినిమా నిండా పెళ్ళి పెట్టుకుని వీళ్ళకి కనబడింది ఎర్తువైరూ బ్లౌజూనా? "మరి పెళ్ళి సంగతి?" అనడిగింది.

"ఏ పెళ్ళి?"

"చివర్లో చేసుకున్నారు కదన్నయ్యా."

"ఆఁ, అక్కడ డైరెక్టరు కాస్త తొందరపడ్డాడు."

గుడ్లవల్లేరులో టీలకి ఆగారు. అక్కడ పావుగంట సేపు ఎర్తింగు గురించే మాట్లాడాడు. మళ్ళీ కారెక్కేసరికి అయిదున్నర దాటింది. ఇంక తట్టుకోలేక సాయిలక్ష్మి ముందు సీటు పట్టుకుని వంగింది. "అన్నయ్యా, అలాంటిది మనింట్లో జరిగితే ఎన్ని మార్కులేస్తావు?"

"అది సిలబస్‌లో లేదమ్మా" అని ఆయన నవ్వాడు. వదిన అవసరానికి మించి నవ్వింది.

ఆ నవ్వుతో ఆవిడ ఓపిక అయిపోయింది. "ఉంది" అంది. "రాజబాబుగారని, మోపిదేవి ఆసుపత్రిలో పనిచేస్తారు. నేనాయన్ని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను."

వదిన కిటికీలోంచి చూస్తూ, "మాకు తెలుసులే సాయీ" అంది.

"ఎప్పట్నించి?"

"కార్తీకమాసంలో మేం మోపిదేవి గుడికెళ్ళాం కదా. అక్కడ బస్టాపులో మీరిద్దరూ ఒకే డబ్బాలో పులిహోర తింటున్నారు. మీ అన్నయ్యే ముందు చూశారు."

సాయిలక్ష్మి ముందు సీటు వదిలి వెనక్కి వాలింది. ఇన్నాళ్ళూ తను రాత్రీ పగలూ నలిగిపోతుంటే, వీళ్ళు కింద వాటాలో కూర్చుని తెలిసి కూడా ఊరుకున్నారు. ఈ సినిమాకి ఎందుకు తీసుకొచ్చిందో తెలిసే వచ్చారు, తెలిసే ఎర్తువైరు గురించి మాట్లాడారు.

"నువ్వు చెప్పనంతకాలం నేనేమీ అనక్కర్లేకపోయింది" అన్నాడు పట్టాభిరామయ్య. గొంతులో కోపం లేదు, అదే ఆవిడకి మరీ కష్టంగా ఉంది. "బస్సులో ఎవరి పక్కన కూర్చుంటున్నావని ఏనాడైనా అడిగానా? అది నా మర్యాద. ఇప్పుడు నోరు తెరిచి చెప్పావు గనక అన్నయ్యగా నేనో మాట అనాలి. వద్దమ్మా."

"మరి ఇందాక హాల్లో ఎందుకేడ్చావు?"

"ఆవిణ్ణి చూసి ఏడ్చాను. ఆవిడ నా చెల్లెలు కాదుగా."

అప్పుడు మోగింది ఫోను. మామూలుగా మోగలేదు, కారు నాలుగు మూలల్నించీ మోగింది. బిందు ఉలిక్కిపడి ఆపబోయి ఏదో నొక్కింది. రాజబాబు గొంతు కారంతా నిండింది.

"సాయిలక్ష్మిగారూ, ఆరయిందండీ. చెప్పారాండీ?"

పట్టాభిరామయ్యకి దగ్గొచ్చింది.

"మాస్టారుగారు కూడా ఉన్నారాండీ? నమస్కారమండీ."

ఎదుటివాడు అండీ అంటే తిరిగి అండీ అనకుండా ఉండే శక్తి భగవంతుడు ఆ ఇంట్లో ఎవరికీ ఇవ్వలేదు. "ఆఁ, నమస్కారమండీ" అన్నాడు పట్టాభిరామయ్య.

"సినిమా బావుందాండీ?"

"బావుందండీ. రెండో సగం కాస్త సాగదీశాడు."

"ఆరోగ్యం ఎలా ఉందండీ? షుగరు చూపించుకుంటున్నారాండీ?"

"మొన్న నూట అరవై ఉందండీ."

"తినకముందాండీ, తిన్నాకాండీ?"

"తిన్నాకండీ."

"అయితే కంగారేం లేదండీ."

"చాలు, ఆపండి ఇద్దరూ!" అని అరిచింది సాయిలక్ష్మి. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా ఆ కారులో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "రాజబాబుగారూ, చెప్పానండీ. మా అన్నయ్య వద్దన్నాడు. నేను మాత్రం మిమ్మల్నే చేసుకుంటాను. రేపు నాగాయలంక ప్రయాణం మానుకోమని మీ అక్కగారికి చెప్పండి."

అవతల్నించి "అలాగేనండీ" అని సన్నగా వినబడింది. ఫోను కట్టయింది.

చెప్పేస్తే గుండె తేలికపడుతుందని ఎనిమిది నెలలుగా అనుకుంది. తేలికపడలేదు. పెడన దాటి బందరు వచ్చింది. "కోనేరు సెంటర్లో దింపెయ్యి బిందూ, కూరలు తీసుకోవాలి" అన్నాడు పట్టాభిరామయ్య. ఆయన జన్మలో కూరలు కొన్న మనిషి కాదు. వదిన కూడా ఆయన వెనకే దిగిపోయింది.

"చూశావా మీ మావయ్యని!" అంది సాయిలక్ష్మి, వాళ్ళు నాలుగడుగులు వేశారో లేదో. "తెరమీదైతే చప్పట్లు, ఇంట్లో అయితే వద్దమ్మా! పైగా షుగరెంతో చెబుతాడు!"

"అమ్మా, కాసేపు మావయ్యని వదిలెయ్" అంది బిందు. కారు పక్కకి తీసి ఆపింది గాని వెనక్కి తిరగలేదు. "మొదటి సీన్లో పెట్టె గుమ్మంలో పట్టలేదని హాలంతా నవ్వింది కదా. నాన్నకి తెచ్చిన పెట్టె కూడా మన గుమ్మంలో పట్టలేదు. అలాగే అడ్డంగా తిప్పారు. తలుపు కొట్టుకోకుండా నేనే పట్టుకున్నాను. నాకు పద్నాలుగేళ్ళు."

సాయిలక్ష్మికి ఆ పెట్టె గుర్తే లేదు. ఆరోజు తనని లోపలి గదిలో ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. పెట్టె ఎలా వచ్చిందో, తలుపు ఎవరు పట్టుకున్నారో తను ఏనాడూ అడగలేదు. "నాకు తెలీదే" అంది.

"తెలీదని తెలుసు. అందుకే ఫోన్లో తలపెట్టుకుని కూర్చున్నాను. అక్కడ నువ్వు కూడా నవ్వావమ్మా. మావయ్య నవ్వుతున్నాడని నవ్వావు." ఆగి, "ఇన్నాళ్ళూ మావయ్యకి ఎలా చెప్పాలా అని చూశావు. నాకు చెప్పాలని ఒక్కరోజైనా అనిపించలేదా?"

అనిపించలేదు. అదే నిజం. బిందు నా పిల్ల, అది నా వైపే ఉంటుంది, దాన్ని అడగడమేమిటి అనుకుంది. ఇంతసేపూ అన్నయ్య మీద మండిన కోపమంతా వచ్చి తన మీదే పడింది. అంత సిగ్గు ఆవిడకి ఎన్నడూ కలగలేదు.

"ఇప్పుడడుగుతాను" అంది.

"అడుగు."

అన్నయ్యకి ఒక్క ఊపున చెప్పేసిన మాట కూతురి ముందు పెగల్లేదు. "రాజబాబుగారిని చేసుకుంటే... నీకు..." అని ఆగిపోయింది. రెండోసారి మొదలుపెట్టి మొత్తం అడిగింది. "నేనాయన్ని పెళ్ళి చేసుకుంటే నీకు కష్టంగా ఉంటుందా?"

"ఉంటుంది" అంది బిందు. "ఎన్నాళ్ళుంటుందో తెలీదు. నాన్న ఫొటో ముందుగదిలోంచి తియ్యకు" అంది.

"తియ్యనే."

"ఆయన్ని నాన్నా అని పిలవమనకు."

"అనను."

బిందు ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, మావయ్య కాళ్ళ దగ్గర పెట్టిన తన బ్యాగు తీసి వెనక్కి పడేసింది. "ముందుకొచ్చి కూర్చో" అంది.