దగ్గరికొచ్చినప్పుడు తోయాలి

మిషను తొక్కుతూనే ఆమె కూతురికి ప్రశ్నలు అడిగేది. ఆమె చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కాబట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. కుడుతున్న గుడ్డకే ప్రశ్న కార్డుని గుండుసూదితో గుచ్చేది. గుడ్డ జరిగేకొద్దీ కార్డూ జరిగేది. అది సూది కిందికి వచ్చేలోగా, కింద కూర్చుని గుండీలు కుడుతున్న పిల్ల జవాబు చెప్పెయ్యాలి. ఆలస్యమైన కార్డులకి మధ్యలో కుట్టు పడి ఉండేది.

ఆదివారం అన్ని స్కూళ్ళకీ కలిపి నక్షత్రాల పోటీ. గెలిచిన పిల్లకి పెద్ద టెలిస్కోపు ఉన్న స్కూల్లో సీటు, అక్కడే హాస్టల్లో మంచం. పిల్ల టెలిస్కోపు గురించి మాట్లాడేది. తల్లి మంచం గురించి ఆలోచించేది. ఎవరూ విసిరెయ్యని మంచం.

ఆ ఇంట్లో ఆమె మొగుడు విసిరినవి కిందపడవు. మిగతావాళ్ళ చేతిలోంచి జారితే ప్లేటు అందరిళ్ళలో లాగే పగులుతుంది. అతను విసిరినవి మాత్రం తగలాల్సిన చోట తగిలి, ఆ తర్వాత అతని చుట్టూ తిరగడం మొదలెడతాయి. అతను పనికి వెళ్తే గుమ్మం దగ్గర ఆగి, రాగానే మళ్ళీ బయల్దేరతాయి. పెళ్ళయిన కొత్తలో విసిరిన గ్లాసు, ఆమె ముందు పన్ను రాలగొట్టిన ఇస్త్రీపెట్టె, బెల్టు, కత్తెర, అన్నీ అలా తిరుగుతూనే ఉండేవి. కత్తెర కావాలంటే ఆమె కాస్త ఆగి, చుట్టూ తిరిగొచ్చాక అందుకుని, పనయ్యాక వదిలేసేది. మేడమీది ఆవిడ మెట్లు దిగి వచ్చి, గరిటె ఒకసారి ఇస్తావా అని అడిగి, గుమ్మంలో నిలబడి అది వచ్చేదాకా కబుర్లు చెప్పేది.

పిల్ల మాత్రం వాటిని లెక్కపెట్టుకునేది. దగ్గరగా తిరిగేవి త్వరగా వస్తాయని, దూరంగా తిరిగేవి నెమ్మదిగా వస్తాయని ఎనిమిదేళ్ళప్పుడే కనిపెట్టింది. ఇంత బాగా ఎవరు నేర్పారని సైన్సు టీచరు అడిగితే, మా ఇంట్లో చూశానండి అంది.

"చిన్న తోపుతో గ్రహం చుట్టూ తిరిగే నౌకని బయటికి పంపాలంటే ఎక్కడ తోయాలి?" అని శనివారం మధ్యాహ్నం తల్లి కూడబలుక్కుని చదివింది.

"బాగా దగ్గరికొచ్చినప్పుడు తోయాలమ్మా. అది పోతున్నవైపుకే."

"దూరంగా ఉన్నప్పుడు సులువు కదే?"

"అప్పుడు తోస్తే గుండ్రంగా తిరుగుతూ అక్కడే ఉంటుంది. దగ్గరికొచ్చినప్పుడే దాని వేగం ఎక్కువ. ఆ కాస్తా కలిస్తే పలాయన వేగం వస్తుంది. ఇక ఎవరూ వెనక్కి లాగలేరు."

సాయంత్రం అతను వచ్చాడు. లారీల కాటా దగ్గర ఇరవై ఏళ్ళుగా బరువులు తూచే మనిషి. ఆ పూట కులాసాగానే ఉన్నాడు. నేనూ అడుగుతానని ఒక కార్డు తీసి, బరువూ ద్రవ్యరాశీ ఒకటేనా అని చదివి, ఒకటే, ఇది కూడా ఒక ప్రశ్నేనా అని తనే నవ్వాడు.

"కాదు నాన్నా," అంది పిల్ల. నోరు జారాక గానీ తెలియలేదు. "బరువు చోటుని బట్టి మారుతుంది. చంద్రుడి మీద మీ లారీ..."

పూర్తికాలేదు. పెదవి చిట్లి రక్తం గుండీల డబ్బాలో పడింది. నాకు బరువు గురించి చెప్తావా అని స్టూలు ఎత్తాడు. అడ్డంవెళ్ళిన తల్లి భుజానికి తగిలి స్టూలు కూడా తిరిగేవాటిలో చేరింది. కార్డుల కట్ట చింపేశాడు. రేపు గుమ్మం దాటితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు.

ఆదివారం పొద్దున పిల్ల సంచి తగిలించుకుని చెప్పులు చేతపట్టుకుంది. గడియ తీసిన చప్పుడుకి అతను లేచాడు. జుట్టు పట్టి వెనక్కి లాగి, రెండు చేతులా ఎత్తి విసిరాడు. పిల్ల వీపు బీరువాకి కొట్టుకుంది, అద్దం పగిలింది, పిల్ల మాత్రం కిందపడలేదు. ప్లేట్లూ గ్లాసుల మధ్య తనూ తిరగడం మొదలెట్టింది, వంటింటి కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ అతని మోచేతి పక్కనుంచి.

దగ్గరికొచ్చినప్పుడల్లా ఎదురుగా ఒక్కటి కొట్టేవాడు. దెబ్బ పడినప్పుడల్లా పిల్ల వేగం తగ్గి, చుట్టు చిన్నదయ్యేది. ఇంకో మూడు చుట్లు తిరిగితే అతని చేతిలోనే ఉంటుంది. తల్లి కిటికీ దగ్గర నిలబడి, పిల్ల రాగానే శక్తి కొద్దీ తోసింది. చుట్టు కాస్త గుండ్రంగా అయిందంతే.

"అమ్మా, అక్కడ కాదు," అంటూ పిల్ల వెళ్ళిపోయింది.

ఆమెకీ తెలుసు. ఆ కార్డు మధ్యలో కుట్టు లేదు. అతని పక్కకి వెళ్ళడానికే కాళ్ళు రావడంలేదు.

వెళ్ళింది. మొదటి దెబ్బ చెవి మీద పడింది, ఆ చెవిలో ఇంకేమీ వినబడలేదు. రెండోది పక్కటెముకల మీద. అతను మెడ పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చింది, ఆ చోటు వదల్లేదు. పిల్ల వస్తోంది. ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కిన కాలుని అతని పొట్టకి తన్నిపెట్టి, రెండు అరచేతులూ పిల్ల వీపుకి ఆనించి, అది పోతున్నవైపుకే తోసింది.

పిల్ల సంచితో సహా గుమ్మంలోంచి, మేడమీది ఆవిడ ఆరేసిన దుప్పట్ల మీదుగా వెళ్ళిపోయింది.

అతను వెల్లకిలా పడ్డాడు. తిరిగేవన్నీ ఒక్క క్షణం ఆగి, అతని మీద పడ్డాయి, విసిరిన వరుసలోనే. ముందు పెళ్ళినాటి గ్లాసు, తర్వాత ఇస్త్రీపెట్టె కుడి మణికట్టు మీద, ఎముక విరిగిన చప్పుడు ఆమెకి బాగున్న చెవిలో వినబడింది. ప్లేట్లు, బెల్టు, తొడలోకి కత్తెర, చివరికి నిన్నటి స్టూలు. అవి పడటం అయ్యేదాకా చాలాసేపు పట్టింది.

"ఏమే," అని మూలిగాడు, "ఇవి తియ్యి."

ఆమె కత్తెర ఒక్కటే తీసింది, అది తనది కాబట్టి. రక్తం కొంగుకి తుడిచి, మిషను తల విప్పి సంచిలో పెట్టుకుంది. మెట్ల మీద ఎదురైన మేడమీది ఆవిడతో డాక్టరుకి కబురు చెయ్యమని, గరిటె ఇకనుంచి నేలమీదే ఉంటుందని చెప్పింది. ఆవిడ సరేనంది.

పోటీ జరిగే హాలు రెండు వీధుల అవతల. పిల్ల పైకిటికీలోంచి వచ్చిందట. సైన్సు టీచరు కాలు పట్టి దింపి, ఇంత ఆలస్యమా అని చీవాట్లు పెట్టి కూర్చోబెట్టిందట. తల్లి చివరి వరసలో, మిషను తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెవి పక్క రక్తం ఎండిపోయింది. కుర్చీ కింద కాలు అలవాటుగా తొక్కుతూనే ఉంది.

ఇద్దరు పిల్లలు సమానంగా మిగిలారు. చివరి ప్రశ్న పెద్దాయన చదివాడు. పలాయన వేగం అందుకున్న వస్తువు తిరిగి రావడానికి ఎంతకాలం పడుతుంది?

అవతలి కుర్రాడు కాగితం మీదికి వంగి లెక్క మొదలెట్టాడు. పిల్ల తలెత్తి చివరి వరసకేసి చూసింది. తల్లినీ, ఒళ్ళో మిషనునీ చూసింది. గంట కొట్టింది.

"రాదండి."

"ఎప్పటికీనా?" అన్నాడాయన.

"ఎప్పటికీ రాదండి."

కుర్చీ కింద తల్లి కాలు ఆగింది.