అమ్మ ఓడెక్కింది

మా పేటలో ఆడది పడవకి పసుపు రాయొచ్చు, బొట్టు పెట్టొచ్చు. వల చిక్కు తీయొచ్చు. పడవ తెచ్చిన చేపని తట్టకెత్తుకుని ఊరంతా తిరిగి అమ్మి సంసారం ఈడ్చొచ్చు. పడవ మాత్రం ఎక్కకూడదు. ఎందుకని అడిగితే జవాబు చెప్పరు, అడిగినందుకు తిడతారు. మా నాన్న తాతబాబైతే గంగమ్మతల్లికి కోపం వస్తుందంటాడు. గంగమ్మ కూడా ఆడదే కదా అని ఆరో తరగతిలో అడిగి చెంపదెబ్బ తిన్నాను. 

మా అమ్మ మహాలక్ష్మమ్మ సముద్రానికి వంద గజాల దూరంలో పుట్టింది, యాభై గజాల దూరానికి కోడలిగా వచ్చింది. యాభై రెండేళ్ళలో మోకాళ్ళు దాటి నీళ్ళలోకి వెళ్ళలేదు. నాన్న, అన్నయ్య కోటి వేటకెళ్ళి వస్తే, ఆ చేపలు అమ్మి మమ్మల్ని పెంచింది ఆవిడే. "లోపల ఎలగుంటాదే?" అని నన్నడిగేది. నాకేం తెలుసు? నేనూ ఆడదాన్నే.

నేను సీతమ్మధారలో ఒక మందుల షాపులో పనిచేస్తాను. శ్రీరామ్మూర్తి గారని స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దాయన నెలనెలా బీపీ మాత్రలకి వస్తారు. కిందటేడు భార్యతో కలిసి మన పోర్టులో టూరిస్టు ఓడెక్కి చెన్నై వెళ్ళొచ్చారట. మాత్రలు ఇవ్వడానికి నాకు రెండు నిమిషాలు, ఆ ఓడ కథ చెప్పడానికి ఆయనకి అరగంట. ఒకరోజు అన్నం తింటూ ఆ సంగతి ఇంట్లో చెప్పాను. అమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని ఒక్కటే అడిగింది.

"ఆ ఓడ ఆడోల్లని ఎక్కించుకుంటాదేటే?"

"డబ్బు కడితే ఎవరినైనా ఎక్కించుకుంటుందమ్మా."

ఏప్రిల్లో రెండు నెలల వేట నిషేధం వచ్చి పడవలన్నీ ఒడ్డెక్కాక, ఆవిడ చీటీ పాడుకుంది. ఆ డబ్బు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "మనిద్దరికీ టికెట్లు తియ్యి" అంది.

నాన్న ఇల్లు పీకి పందిరేశాడు. "సిగ్గులేదేటే నీకు? మా అమ్మెక్కిందేటి, మా నాయనమ్మెక్కిందేటి?"

"ఆల్లకి డబ్బుల్లేవు. నాకున్నాయి," అంది అమ్మ. "అయినా అది పడవ కాదు మావా, ఓడ. దానికి నీ రూలు లేదు, కంపినీ రూలుంది. ఆధార్ కార్డు సూపించమన్నారు. గంగమ్మనడిగొచ్చి సెప్పమన్లేదు."

మూడు రోజులు ఆయన ఇంట్లో అన్నం ముట్టలేదు. అమ్మ బతిమాలలేదు, గిన్నెలో మిగిలింది కోళ్ళకి వేసింది. నాలుగో రోజు ఆయనే దిగొచ్చాడు. "ఇద్దరాడోల్లని పంపించి ఇంట్లో కూకున్నానంటే పేటంతా నవ్వుతాది. నానూ వత్తాను. సముద్రమంటే ఏటో తెలిసినోడు ఒకడుండాలి కదా పక్కన." నాకు లోపల సంతోషమే. ఇద్దరు తీసుకున్న గదిలోనే మూడో మనిషికి టికెట్టు చవకని శ్రీరామ్మూర్తి గారు అప్పటికే చెప్పి ఉన్నారు.

ఆయన చెప్పినవన్నీ షాపు బిల్లు వెనకాల రాసుకున్నాను. "కిటికీ లేని లోపలి గది తీసుకో ఆశా, సగం ధర. గదిలో ఎవరుంటారు, నిద్రపోవడానికి తప్ప? ఓడకి మధ్యలో, కింది అంతస్తులో తీసుకో, ఊపు తక్కువ. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పడెయ్యి, లేకపోతే నడిసముద్రంలో ఒక్క కాల్‌కి నీ నెల జీతం పోతుంది. గదిలో ఫ్రిజ్ ముట్టుకోవద్దు, అందులో నీళ్ళ సీసాకి కూడా బిల్లేస్తారు. భోజనాల హాల్లో నీళ్ళూ టీ ఊరికే ఇస్తారు. వాళ్ళు ఫొటోలు తీస్తారు, నవ్వు, కొనకు. వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు రైలు." ఆరోగ్యం సంగతి నాకు వదిలేశారు. వాంతుల మాత్ర ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. అందరూ ముట్టుకునే గరిటెలు, కాబట్టి తినేముందు సబ్బుతో చేతులు కడగాలి. ఓడ డాక్టరు ఫీజు వింటేనే జ్వరం వస్తుంది, కాబట్టి మన మందులు మనమే పట్టుకెళ్ళాలి. అన్నీ ప్యాక్ చేశాను, అల్లం మురబ్బా పాకెట్లతో సహా.

నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో తీరుతుందనగా ఓడెక్కాం. జూన్ గాలి అప్పటికే మొదలైంది. బయల్దేరే ముందు అమ్మ, నేను మాత్రలు వేసుకున్నాం. నాన్నకిస్తే చెయ్యి విదిలించాడు.

"నాకా? నలభయ్యేల్లు సముద్రం మీద బతికినోన్ని. తుపానులో ఇంజను ఆగిపోతే రెండ్రోజులు తేలినోన్ని. నాకు మాత్రేటే?"

భోజనాల హాల్లో ఆయన్ని చూసి నాకు సిగ్గేసింది. డబ్బు కట్టాం కాబట్టి తినకపోతే నష్టమని ఆయన లెక్క. పులావు, రొయ్యలు, మళ్ళీ పులావు, పైన ఐస్‌క్రీము, ఆ పైన జిలేబీ. ఎవరో రొయ్యలు తాజాగా లేవంటే పెద్ద గొంతుతో నవ్వి, "ఇవి పట్టి వారం దాటింది, నన్నడగండి," అన్నాడు. పట్టి వారం దాటిన రొయ్యలు రెండు ప్లేట్లు తిన్నాడు. అమ్మ మాత్రం కొంచెం పెరుగన్నం తిని, టీ గ్లాసు పట్టుకుని డెక్కు మీదికి పోయింది.

మర్నాడు పొద్దున్న లేచేసరికి ఓడ బాగా ఊగుతోంది. నాన్న బాత్రూమ్ తలుపు పట్టుకుని కూచుని ఉన్నాడు. మొహం పాలిపోయింది. లోపలికెళ్ళడం, బయటికి రావడం, నేల మీద కూలబడడం. ఆ గదిలో కిటికీ లేదు, నాలుగు గోడలు. నలభయ్యేళ్ళూ ఆయన పడవలో ఎదురుగా అల చూస్తూ, ఒంటికి గాలి తగులుతూ ఉన్న మనిషి. ఇక్కడ అల కనబడదు, కింద నేల మాత్రం కదులుతుంది. సగం ధర గదికి ఆ రోజు నాన్న మిగతా సగం కట్టాడు.

"డాక్టర్ని పిలుస్తాను," అన్నాను.

"పిలిసేవంటే సంపుతాను. తాతబాబుకి సముద్రం మీద వాంతులంటే ఏటనుకుంటార్రా నన్ను?"

ఎద్దేవా చెయ్యడానికి అమ్మ దగ్గర ముప్పయ్యేళ్ళ సరుకుంది, ఒక్కటీ బయటికి తియ్యలేదు. ఆయన మూతి తుడిచింది, అల్లం ముక్క నోట్లో పెట్టింది, చంక కింద చెయ్యేసి లేపింది. "పైకి పదా. ఈ గదిలో ఉంటే సత్తావు. నీకు అల కనబడాల."

"ఎవులైనా సూత్తారే."

"సూడనీ. సిగ్గు తగ్గితే కడుపు నిమ్మలిస్తాది."

ఓడ మధ్యలో, గాలి నేరుగా కొట్టని చోట రెయిలింగు దగ్గర నిలబెట్టింది. ఆయన కాళ్ళు వణుకుతుంటే వెనకనించి రెండు చేతులూ చుట్టి పట్టుకుంది. "దూరంగా సూడు. ఆ నీలు, ఆకాశం కలిసేకాడ. కిందకి సూడకు," అంటూ గంటన్నర అలాగే నిలబడింది. ఓడ ఒరిగినప్పుడల్లా జనం అడ్డదిడ్డంగా తూలుతున్నారు. అమ్మ తూలలేదు. ఎప్పుడూ పడవెక్కని కాళ్ళు ఎలా ఆగాయో నాకు తెలీదు. నలభయ్యేళ్ళు తల మీద ముప్ఫై కేజీల తట్టతో ఇసకలో నడిచిన మనిషి, ఆ ఓడ ఆవిణ్ణి ఏం చేస్తుంది? గాలికి చెంగు ఎగురుతోంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఇంత చిన్న సంగతి కోసం ఇన్నేళ్ళు ఆపారు కదరా అని కోపమూ వచ్చింది.

మధ్యాహ్నానికి నాన్న తేరుకున్నాడు. రెండు బ్రెడ్డు ముక్కలు తిన్నాక మెల్లగా అన్నాడు. "లక్ష్మీ, పేటలో సెప్పకే."

"సెప్పను."

"ఒట్టెయ్యి."

"ఒట్టు. నోరిప్పను," అంది అమ్మ. ఆవిడ ఒట్టేసిందంటే వేసినట్టే. నాకూ అదే ఒట్టని కళ్ళతో చెప్పింది.

చెన్నైలో దిగి, సాయంత్రం రైలెక్కాం. ఎలమంచిలి దాటేసరికి నాన్నకి పూర్తిగా ప్రాణం వచ్చింది. దువ్వెన తీసి మీసం దువ్వుకున్నాడు. ఇల్లు చేరేసరికి ఆయన నడకే మారిపోయింది.

మర్నాడు నిషేధం తీరిన మొదటి వేట. తెల్లవారేసరికి పేటంతా ఒడ్డున ఉంది. పడవలకి పసుపూ కుంకాలూ, కొబ్బరికాయలూ. అమ్మ మా పడవ మూతికి బొట్టు పెట్టి, మిగతా ఆడవాళ్ళతో వెనక్కొచ్చి నిలబడింది. మగవాళ్ళందరూ నాన్న చుట్టూ చేరారు. సన్యాసిరాజని నాన్నకి బావవరస, ఎకసెక్కేల మనిషి, అడిగాడు.

"ఏటి బావా, మా సెల్లెలు ఓడెక్కిందంట కదా. ఎలగుందేటి?"

నాన్న ఒక్కసారి అమ్మ వైపు చూశాడు. తల తిప్పుకున్నాడు. తర్వాత గొంతు పెంచి అన్నాడు.

"ఏటుంటాది బావా! రెండో రోజు పొద్దున్నించీ ఒకటే వాంతులు. నానే పట్టుకుని పైకి తీసుకెల్లి నిలబెట్టేను. అందుకే పెద్దోల్లు సెప్పేరు. ఆడదానికి సముద్రం పడదు."

అందరూ గొల్లున నవ్వారు. అన్నయ్య కోటి కూడా నవ్వాడు. ఆడవాళ్ళలో కొందరు అమ్మని జాలిగా చూశారు. నా ఒళ్ళు భగ్గుమంది. నోరు తెరిచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని నొక్కింది. ఒట్టు. ఆయన అబద్ధమాడినా ఆవిడ మాట తప్పదు.

నా చెయ్యి వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్డులో దోపింది. మగవాళ్ళ మధ్యనించి నేరుగా నడిచింది. ఎవరూ అడ్డుపడలేదు, అడ్డుపడాల్సి వస్తుందని ఎవరికీ తట్టలేదు. మా పడవ అంచు మీద చెయ్యేసి, ఒక కాలు, రెండో కాలు, లోపలికి ఎక్కేసింది. వలల మీద కూచుంది.

నవ్వులు ఆగిపోయాయి.

"ఒసే! దిగు!" నాన్న అరిచాడు. "ఇయ్యాల మొదటి వేటే! దిగు!"

"దిగను. రా మావా, నువ్వూ ఎక్కు," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నాకు సముద్రం పడదన్నావు కదా. పద, లోపలికెల్దాం. నాకు వాంతొత్తాదో లేదో ఈల్లందరూ ఒడ్డునించే సూత్తారు. వచ్చిందా, మల్లీ జన్మలో సముద్రం వైపు సూడను."

"అమ్మా, పరువు తియ్యకే," అన్నాడు కోటి.

"ఎవుల పరువురా?"

కోటి తలతిప్పి నాన్న మొహం చూశాడు. సన్యాసిరాజూ చూశాడు. నాన్న చెమటలు తుడుచుకుంటున్నాడు. అమ్మ వలల మీద కూచుని, ఆయన్నే చూస్తూ ఉంది. ఆ చూపు కింద మా నాన్న ఎంతసేపు నిలబడ్డాడో లెక్కపెట్టలేదు గాని, నా జీవితంలో ఆయన్ని చూసి జాలిపడింది అప్పుడే.

"నాకే," అన్నాడు చివరికి, ఇసక వైపు చూస్తూ. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాడు. "నాకేరా వొచ్చింది వాంతి. దానికేటవలేదు. అదే నన్ను పట్టుకుని నిలబెట్టింది."

ఎవరూ నవ్వలేదు, సన్యాసిరాజు కూడా. నాన్న పడవ దగ్గరికొచ్చి, అంచు పట్టుకుని గొంతు తగ్గించాడు.

"సెప్పేను కదా. అందరి ముందూ సెప్పేను. ఇంక దిగవే లక్ష్మీ."

అమ్మ ఆయన చేతి మీద చెయ్యేసింది. ఆవిడ కళ్ళలో గెలిచానన్న పొగరు లేదు, ప్రేమే ఉంది. కానీ కదల్లేదు.

"సెప్పేవు, సంతోసం. దానికోసమని ఎక్కేననుకున్నావేటి?" సముద్రం వైపు తిరిగి సరిగ్గా కూచుంది. "తొయ్యండి."

మగవాళ్ళెవరూ కదల్లేదు. నేను చెప్పులు విడిచేసి వెళ్ళి పడవ వెనక భుజం ఆనించాను. నా పక్కన ఇంకో భుజం ఆనింది. తలతిప్పి చూస్తే నాన్న.